రోహిణి కార్తెలో అమ్మను గుర్తుపట్టని సెన్సరు

నిన్న రాత్రి రెండున్నరకి అమ్మ మంచం దిగగానే కాళ్ల దగ్గర లైటు వెలిగింది. పది రోజుల తలనొప్పి వదిలింది. అది మరిచిపోకముందే రాస్తున్నాను.

మాది నెల్లూరు మూలాపేటలో పాత ఇల్లు. అమ్మ గదికీ బాత్రూమ్‌కీ మధ్య పొడుగాటి నడవ. అమ్మకు 74 ఏళ్లు, చీకట్లో స్విచ్చు కోసం తడుముకుంటుంటే నాకు భయం. సంక్రాంతి ముందు బాత్రూమ్ తలుపు పైన, మనిషి కదిలితే లైటు వేసే మోషన్ సెన్సరు పెట్టించాను. స్విచ్ బోర్డులో సెన్సరుకి కావాల్సిన న్యూట్రల్ వైరు లేదు, పైన లైటు దగ్గర్నుంచి లాగారు. అరపూట పని.

నాలుగు నెలలు బ్రహ్మాండంగా వెలిగింది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ నడవలో నడిపించి మరీ చూపించాను. ఆ ఊపులో బాత్రూమ్ లోపల కూడా ఒకటి పెట్టాను. కదలకుండా కూర్చున్న మా మామగారికి రెండు నిమిషాల్లో లైటు ఆరిపోయి ఆయన వేసిన కేక వీధి దాకా వినిపించింది. అది మర్నాడే పీకేశాను. మీరూ ఆ పని చేయకండి.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగులుతాయంటారు, మా ఇంట్లో సెన్సరుకి కళ్లు పోయాయి. అమ్మ తలుపు దాకా వెళ్లినా లైటు రాదు. "ఒరేయ్ అబ్బయ్యా, నేనున్నానా పోయానా?" అని చీకట్లో చేతులు ఊపుతోంది. పొద్దున మాత్రం వెలుగుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే వచ్చి, సెన్సరు మీద చెయ్యి ఊపి, వెలిగించి, రెండొందలు తీసుకుని వెళ్లాడు.

సెన్సరు విప్పుకుని ట్రంకు రోడ్డులో కొన్న షాపుకి పోయాను. ఓనరు దాన్ని వైరుకి తగిలించి, "నడువు సామీ" అన్నాడు. నడిచాను, వెలిగింది. "మళ్లీ నడువు." వెలిగింది. మూడోసారికి కౌంటరు దగ్గరున్న నలుగురూ నన్నే చూస్తున్నారు. "సెన్సరు బాగానే ఉంది సామీ, మీ ఇంట్లో మనుషులే కదలటం లేదేమో" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. చెమట ఆరిపోయి బయటికొచ్చాను గానీ, ఆ షాపులో ఏసీ ఉందన్న సంగతి నా బుర్రకి అప్పుడు తట్టలేదు.

తట్టింది ఆ రాత్రి పన్నెండుకి, మళ్లీ బిగించాక. దాహమేసి ఫ్రిజ్‌లోంచి ప్లాస్టిక్ బాటిల్ తీసుకుని నడవలోకి వచ్చాను. ఠక్కున లైటు! బాటిల్ వదిలి వస్తే లేదు, పట్టుకుని వస్తే ఉంది. ఐదారుసార్లు చేశాను. నా భార్య లేచి చూసి ఏమీ అనకుండా వెళ్లి పడుకుంది.

నేను పెట్టించింది పీఐఆర్ రకం, అంటే వేడిని పసిగట్టే సెన్సరు. అది మనిషిని చూడదు. మన ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ మధ్య తేడా కదిలితేనే పట్టుకుంటుంది. పగలంతా కాలిన పాత గోడ రాత్రికి కూడా ఒంటిలాగే వేడిగా ఉంటే, దాని లెక్కలో అమ్మ కూడా గోడే. చల్లటి బాటిల్ మాత్రం తేడాగా కనిపిస్తుంది. పైగా నేను పెట్టించిన చోటే తప్పు. దాని తెల్లటి డోము ఎదుటి చోటుని పట్టీలుగా కోస్తుంది. మనం ఆ పట్టీలను అడ్డంగా దాటాలి. అమ్మేమో నేరుగా దాని ఎదురుగా నడుస్తోంది. ఈ రెండు ముక్కలు ఆ ఓనరు చెప్పి ఉంటే నాకా పరేడు తప్పేది.

మైక్రోవేవ్ తరంగాలు వదిలి కదలికను పట్టే ఇంకో రకం సెన్సరుకి వేడితో పని లేదని అదీ తెచ్చాను. అది పలచటి గోడలోంచి కూడా చూస్తుంది. పక్కింటివాళ్లు నడిచినా మా నడవలో దీపావళే.

చివరికి పీఐఆర్ ఉన్న చిన్న స్ట్రిప్ లైటు అమ్మ మంచం పట్టె కింద, నేల వైపు తిప్పి అంటించాను. కాళ్లు జానెడు దూరంలో అడ్డంగా దాటుతాయి, కింద గచ్చు కాస్త చల్లగా ఉంటుంది, వెలుగు కంట్లో కొట్టదు. ఇంకొకటి నడవ పక్క గోడకి, మోకాలెత్తులో. పాతదాన్ని మేడ మెట్ల మలుపుకి మార్చాను, అక్కడ గాలి తగులుతుంది.

ఈ రెండూ స్టోన్‌హౌస్‌పేటలో కొన్నాను. ట్రంకు రోడ్డు షాపు ముందు నుంచి రోజూ పోతాను, లోపలికి మాత్రం పోను.