వేసే ఉంటాను

రాత్రి పదకొండున్నర. వెనక తలుపు గడియ మూడోసారి చూసొచ్చి ఇది రాస్తున్నా.

పొద్దున స్కాట్లండ్‌లో స్మెయిల్‌హోమ్ టవర్ అనే పాత కోట ఇల్లు చూద్దామని ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ నుంచి బయల్దేరాం. జెడ్‌బరో దాటాక "వెనక తలుపు వేశారా?" అని అడిగితే ఈయన "వేసే ఉంటాను" అన్నారు. వేశాను అని కాదు, వేసే ఉంటాను! ఇక రోజంతా టెన్షనే.

టవరంటే బండరాయి మీద నిట్టనిలువు రాతి పెట్టె. ఒకప్పుడు ప్రింగిల్ వంశం వాళ్ళ ఇల్లు. కింద సామాన్ల కొట్టు, పైన కాపురం. స్కాట్లండ్, ఇంగ్లండ్ సరిహద్దులో రాత్రిళ్ళు గుర్రాల మీదొచ్చి పశువుల్ని తోలుకుపోయేవాళ్ళు. అందుకే 1535లో స్కాట్లండ్ పార్లమెంటు, సరిహద్దులో 100 పౌండ్ల విలువ కట్టిన భూమి ఉన్న ప్రతివాడూ 60 అడుగుల చదరంలో ప్రహరీ కట్టాలని చట్టమే చేసింది. పాపం, ఎంత భయపడ్డారో అనుకున్నా.

అమ్మమ్మ వాళ్ళింట్లో తాతయ్య రోజూ రాత్రి తలుపు వెనక గడెమాను అడ్డంగా దించేవాడు. ఆ దబ్బుమనే చప్పుడు వింటేనే నాకు నిద్ర పట్టేది. ఓసారి మామయ్య సెకండ్ షో నుంచొచ్చి తలుపు కొడితే తాతయ్య లేచాడు గానీ తియ్యలేదు. "ఎవర్రా?" "నేనే నాన్నా." "నేనంటే?" పేరు చెప్పినా, "మీ నాన్న పేరేంటి?" అని లోపల్నుంచే అడిగాడు! ఆ రాత్రి మామయ్య అలిగి అరుగు మీదే పడుకున్నాడు. దోమలు పీకేశాయి.

మెట్లెక్కుతుంటే నా జాలి కాస్తా పోయింది. పశువుల్ని తోలుకుపోయినవాళ్ళలో ఇలాంటి టవర్లున్న పెద్దమనుషులూ ఉన్నారు. ఇవాళ పోగొట్టుకున్నవాడు రేపు దోచుకోడానికి వెళ్ళేవాడు. వాళ్ళ కౌలురైతుల ఇళ్ళకి ఈ గోడలెక్కడివి? మట్టీ గడ్డీ కొంపలు. తగలబడితే మళ్ళీ కట్టుకోవడమే.

పైన మాత్రం ఒకటి చూశా. పొగగొట్టాన్ని ఆనుకుని కాపలావాడు కూచునే రాతి పీట, పక్కన లాంతరు పెట్టుకోడానికి గూడు. వీపుకి కాస్త వెచ్చగా ఉంటుంది కదా, నిద్ర ఎలా ఆపుకునేవాడో! కాసేపు కూచుందామనుకుంటే వెనకనుంచి ఈయన, "ఇంకా తలుపు గురించేనా?"

ఇంటికొచ్చి చూస్తే తలుపు వేసే ఉంది. "చెప్పాగా" అన్నారు.

చెప్పలేదు. "వేసే ఉంటాను" అన్నారు.