బొమ్మ పోలేదు, వెలుతురు పోయింది: సౌండ్ మాత్రమే వచ్చే టీవీతో నా అనుభవం

టీవీ ఆన్ చేస్తే వార్తలు వినబడుతున్నాయి. రిమోట్ నొక్కితే ఛానల్ మారుతోంది, వాల్యూమ్ పెరుగుతోంది. తెర మాత్రం నల్లగా ఉంది. విశాఖ లాసన్స్ బే కాలనీలో మా ఇంట్లో ఉన్నది 32 అంగుళాల ఎల్ఈడీ సెట్, హుద్‌హుద్ తుఫాను మరుసటి ఏడాది, 2015లో కొన్నది. చూడ్డానికి వచ్చిన మెకానిక్ వెనక మూత కూడా విప్పకుండా "ప్యానెల్ పోయిందండీ, కొత్తది తీసుకోండి" అనేశాడు. ఈ ఒక్క మాట మీద బాగుపడాల్సిన టీవీలు ఎన్నో పాత సామాన్ల బండెక్కి పోతున్నాయి. సౌండ్ ఉండి బొమ్మ రాకపోతే ప్యానెల్ (బొమ్మ ఏర్పడే గాజు తెర) పోయిందన్నది అన్నిటికన్నా చివర అనాల్సిన మాట. ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. బొమ్మే తయారవడం లేదా, లేక బొమ్మ ఉండి దాని వెనక వెలుతురు లేదా?

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు పది నిమిషాల పని ఉంది. రిమోట్‌లో టీవీ సొంత మెనూ నొక్కాలి. మెనూ కనిపిస్తే తెర, దాని వెనక లైటు బాగానే ఉన్నట్టు, తేడా సెట్‌టాప్ బాక్సుదో హెచ్‌డీఎంఐ కేబుల్‌దో పోర్టుదో. కేబుల్ వేరే పోర్టులోకి మార్చి, టీవీ, బాక్సు రెండిటి ప్లగ్గులూ పీకి ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ పెడితే చాలాసార్లు అక్కడితో సరి. ఇంకొకటి, కొన్ని కంపెనీల టీవీల్లో పవర్ సేవింగ్ కింద బొమ్మ ఆపేసి పాటలు మాత్రమే వినే ఏర్పాటు ఉంటుంది. పిల్లల చేతిలో అది పొరపాటున ఆన్ అవుతుంది. వాల్యూమ్ కాకుండా వేరే ఏ బటన్ నొక్కినా బొమ్మ తిరిగొస్తుంది. మా సెట్లో మెనూ లేదు, ఆన్ చేయగానే రావలసిన కంపెనీ లోగో కూడా లేదు.

తర్వాతది టార్చ్ పరీక్ష. అసలు తీర్పు ఇక్కడే వస్తుంది. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, టీవీ ఆన్‌లో ఉంచి మెనూ తెరిచి, ఫోన్ టార్చ్‌ని తెరకు రెండు మూడు అంగుళాల దూరంలో కాస్త ఏటవాలుగా పట్టుకోవాలి. టార్చ్ వెలుగు పడిన చోట మాత్రమే, అరచేయంత మేర, మెనూ అక్షరాలు నీడల్లా కదులుతూ కనిపించాయి. టార్చ్ జరిపితే అక్కడి బొమ్మ కనబడింది. అంటే మెయిన్ బోర్డు, టీకాన్ (ప్యానెల్‌కు బొమ్మ సిగ్నళ్ళు అందించే చిన్న బోర్డు), ప్యానెల్ మూడూ పనిచేస్తున్నాయి. పోయింది బ్యాక్‌లైట్, అంటే గాజు వెనక వెలగాల్సిన లైటు ఒక్కటే. ఎల్‌సీడీ గాజు తనంతట తాను వెలగదు, వెనక నుంచి వచ్చే వెలుతురును ఆపడమో వదలడమో మాత్రమే చేస్తుంది. ఓఎల్ఈడీ టీవీలకు ఈ పరీక్ష వర్తించదు, వాటికి వెనక లైటే ఉండదు.

టార్చ్‌లో కూడా ఏమీ కనిపించక, వెనక గాలి రంధ్రాల్లోంచి చూస్తే లోపల తెల్లటి వెలుగు ఉంటే దారి వేరు. అప్పుడు చూడాల్సింది మెయిన్ బోర్డు నుంచి ప్యానెల్‌కు వెళ్ళే ఎల్‌వీడీఎస్ రిబ్బన్, టీకాన్ బోర్డు. రిబ్బన్ తీసి, కొసలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, లాక్ సరిగ్గా పడేలా మళ్ళీ పెట్టాలి. టీకాన్ మీద రిబ్బన్ కనెక్టర్ పక్కనే చిన్న ఫ్యూజ్ ఉంటుంది. దానికి రెండు వైపులా, చాలా సెట్లలో, 12 వోల్టులు ఉండాలి. ఒక వైపు ఉండి రెండో వైపు లేకపోతే ఫ్యూజ్ కాలింది. కొత్తది వేయగానే అదీ కాలితే టీకాన్ మీదో ప్యానెల్లోనో షార్ట్ ఉన్నట్టు. షార్ట్ ప్యానెల్లోనే అని తేలితే ప్యానెల్ మాట అప్పుడు అనొచ్చు.

మా సెట్ సంగతి బ్యాక్‌లైట్‌దని తేలింది కాబట్టి మూత విప్పాను. ప్లగ్ పీకి పది నిమిషాలు ఆగాలి. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్ మీద 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, ప్లగ్ తీసినా కొంతసేపు నిలిచే ఉంటుంది. మీటర్ పెట్టి అది 10 వోల్టుల కిందికి దిగిందని చూశాకే చెయ్యి పెట్టాను. ఆ వైపు ప్రైమరీ, అంటే ఇంటి కరెంటు నేరుగా వచ్చే వైపు, తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. మల్టీమీటర్ వాడటం రానివాళ్ళు ఇక్కడితో ఆగి, టార్చ్ పరీక్షలో తేలింది చెప్పి మంచి మెకానిక్ చేతికివ్వడం మేలు. కనీసం "ప్యానెల్ పోయింది" అనే మాటకు పడిపోరు.

బ్యాక్‌లైట్ పోయిందంటే మూడు చోట్లలో ఒకటి. లోపలి ఎల్ఈడీ స్ట్రిప్‌లు (చిన్న ఎల్ఈడీ లైట్లు వరసగా ఉన్న పట్టీలు), వాటికి కరెంటు ఇచ్చే డ్రైవర్, డ్రైవర్‌ని వెలిగించమని చెప్పే మెయిన్ బోర్డు సిగ్నల్. ఏది పోయిందో స్ట్రిప్‌ల దాకా వెళ్ళకుండానే మీటర్ చెప్పేస్తుంది. స్ట్రిప్‌లకు వెళ్ళే రెండు తీగల కనెక్టర్ దగ్గర ప్లస్ తీగకూ సెకండరీ గ్రౌండ్‌కూ (తక్కువ వోల్టేజ్ వైపు గ్రౌండ్) మధ్య మీటర్ పెట్టి టీవీ ఆన్ చేశాను. మామూలు మీటర్ నెమ్మదిగా చూపిస్తుంది కాబట్టి అన్నిటికన్నా పెద్ద అంకెను నిలిపి చూపే మాక్స్ హోల్డ్ నొక్కి ఉంచుకోవాలి. ముందు 24 వోల్టులు ఉంది, ఆన్ కాగానే 70 దాటి, వెంటనే మళ్ళీ 24కి దిగిపోయింది.

ఈ అంకెలు ఏం చెబుతున్నాయంటే, డ్రైవర్ 24 వోల్టులను పెంచి స్ట్రిప్‌లకు ఇస్తుంది. దారిలో కరెంటు పారకపోతే ఇంకా ఇంకా పెంచుతుంది. ఒక హద్దు దాటగానే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అంటే డ్రైవర్ బాగుంది, సిగ్నల్ కూడా వస్తోంది, స్ట్రిప్‌ల దారిలో ఎక్కడో తెగింది. వోల్టేజ్ అసలు పెరక్కపోయి ఉంటే బీఎల్-ఆన్ అని రాసి ఉన్న పిన్ చూడాలి. అక్కడ 3 వోల్టుల చుట్టూ వస్తుంటే డ్రైవర్ తప్పు, రాకపోతే మెయిన్ బోర్డు తప్పు. వారం ముందు నుంచీ మా టీవీ పది నిమిషాలు ఆడి నల్లబడేది, వెనక తడితే వచ్చేది. అప్పుడే అనుమానించాల్సింది. వేడెక్కితే విడిపోయి చల్లారితే అతుక్కునే ఎల్ఈడీ ఇలాగే చేస్తుంది.

ఇక ప్యానెల్ విప్పడం. మొత్తం పనిలో టీవీలు పాడయ్యేది ఇక్కడే, ఎల్ఈడీల వల్ల కాదు. గాజు అంచు నుంచి చిన్న బోర్డుకు వెళ్ళే పల్చటి ఫిల్ములు ఉంటాయి, సీఓఎఫ్ అంటారు. ఒక్కటి చిరిగినా తెర మీద నిలువు పట్టీ పడుతుంది, దానికి ఇంట్లో వైద్యం లేదు. ఉదయం ఆరింటికే మొదలుపెట్టాను, ఎందుకంటే ఫ్యాన్ ఆపేయాలి. ఫ్యాన్ తిరిగితే దుమ్ము గాజు వెనక ఉండే షీట్ల మధ్య చేరి, టీవీ వెలిగాక నల్ల చుక్కల్లా జీవితాంతం కనబడుతుంది. విశాఖ ఉక్కపోతలో ఫ్యాన్ లేకపోతే చెమట కారుతుంది, వెలుతురును సమంగా పరిచే డిఫ్యూజర్ షీటు మీద పడిన ఒక్క చెమట బొట్టు కూడా ఆరాక మరకే. నేల తడిబట్టతో తుడిచి, తలుపులు మూసి, నుదుటికి తువ్వాలు కట్టుకుని, చేతులకు పల్చటి గ్లోవ్స్ వేసుకున్నాను.

పరుపు మీద దుప్పటి పరిచి టీవీని బోర్లా పడుకోబెట్టి, వెనక స్క్రూలు, బోర్డుల కేబుళ్ళు తీశాను. పొడవాటివి, పొట్టివి స్క్రూలు విడివిడిగా పెట్టుకోవాలి. పొట్టిది ఉండాల్సిన చోట పొడవాటిది బిగిస్తే అది గాజును లోపలి నుంచి గుచ్చుతుంది. తర్వాత సెట్‌ని వెల్లకిలా తిప్పి, ముందు ఫ్రేమ్ క్లిప్పులను పాత ఏటీఎం కార్డుతో వదులు చేశాను. గాజు ఎత్తడానికి ఎదురింటి కుర్రాడిని పిలిచాను. ఇద్దరం చెరో వైపు నుంచి, గాజునూ దానికి అతుక్కుని ఉన్న బోర్డునూ కలిపి ఒకేసారి ఎత్తాం. ఈ పని ఒక్కరు చెయ్యకూడదు. గాజు కింద మూడు పల్చటి షీట్లు, ఒక మందపాటి డిఫ్యూజర్ పలక. ఒక్కొక్కటీ తీసేముందు ఫోన్‌తో ఫొటో తీసి, అదే వరసలో అదే ముఖం పైకి ఉండేలా పేర్చుకున్నాను. షీట్ల అంచున చిన్న చెవుల్లాంటివి ఉంటాయి, తిరగేస్తే అవి గాడిలో కూర్చోవు.

తెల్లటి రిఫ్లెక్టర్ కాగితం లేపితే మూడు స్ట్రిప్‌లు కనిపించాయి, ఒక్కో దానికి 6 ఎల్ఈడీలు. ఒక్కో ఎల్ఈడీ 3 వోల్టులది, 18 కలిపి వరసగా 54 వోల్టులు. వరసలో ఒక్కటి తెగినా మొత్తం ఆరిపోతుంది, పాతకాలం సీరియల్ సెట్టు లైట్లలాగే. ఎల్ఈడీ టెస్టర్ పెట్టగానే పై స్ట్రిప్, కింది స్ట్రిప్ వెలిగాయి, మధ్యది వెలగలేదు. దాని మీద ఒక్కో ఎల్ఈడీకీ టెస్టర్ తాకిస్తూ పోతే నాలుగోది దొరికింది. పైన లెన్స్ కొద్దిగా గోధుమ రంగుకు తిరిగింది. లెన్స్ తీస్తే ఎల్ఈడీ మీది పసుపు పూత (ఫాస్ఫర్) నడుమ ఆవగింజ కన్నా చిన్న నల్ల చుక్క. 32 అంగుళాల టీవీ మొత్తాన్ని చీకటి చేసింది అదే.

ఆ ఒక్క ఎల్ఈడీని మార్చడం నాకు సమ్మతం కాదు. స్ట్రిప్ అల్యూమినియంది, సోల్డరింగ్ ఐరన్ వేడినంతా లాగేసుకుంటుంది, కింద హాట్ ప్లేట్ లేకుండా టంకం సరిగ్గా పట్టదు. పట్టినా మిగతా 17 కూడా అదే వేడిలో అన్నేళ్ళు వెలిగినవే, తర్వాతిది ఎప్పుడు పోతుందో తెలీదు. కొత్తదొకటి పెడితే దాని వెలుగు పాతవాటికన్నా తేడాగా, విడిగా తెలుస్తుంది కూడా. మూడింటినీ కలిపి మార్చాలి.

పాత స్ట్రిప్‌ను చేతిలో పట్టుకుని డాబాగార్డెన్స్‌లోని ఎలక్ట్రానిక్స్ షాపుకు వెళ్ళాను. టీవీ మోడల్ చెప్పి కొంటే తప్పు స్ట్రిప్ వచ్చే అవకాశం ఎక్కువ, ఒకే మోడల్ పేరుతో లోపల వేరు వేరు ప్యానెళ్ళు వస్తాయి. సరిచూసుకోవాల్సినవి ఎల్ఈడీల సంఖ్య, ఒక్కోదాని వోల్టేజ్ (3 వోల్టులవీ 6 వోల్టులవీ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి), స్ట్రిప్ పొడవు, స్క్రూ రంధ్రాల చోటు, కనెక్టర్, స్ట్రిప్ మీద అచ్చయిన నంబరు. లెన్స్ ఆకారం కూడా చూడాలి. వేరే లెన్సుదైతే వెలుతురు పరుచుకోక తెర మీద తెల్లటి గుండ్రాలు పడతాయి. షాపులోనే టెస్టర్ మీద 18 ఎల్ఈడీలూ వెలిగించి చూశాను. మూడు స్ట్రిప్‌లూ కలిపి వెయ్యి రూపాయల లోపే అయ్యాయి.

పాత జిగురు ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, వేడిని లాగే డబుల్ సైడ్ టేప్ వేసి కొత్తవి అతికించాను. స్ట్రిప్ వెనక రేకుకు నిండుగా అంటుకోవాలి. గాలి సందు ఉంటే వేడి పోక ఆ చోటి ఎల్ఈడీ ముందు పోతుంది. ప్లస్, మైనస్ సరిచూసి, డిఫ్యూజర్ పలక మాత్రం పెట్టి, మూడు సెకన్లు ఆన్ చేసి చూశాను. వెలుతురు అంతటా సమంగా ఉంది, నేరుగా దాన్ని చూడకూడదు. మీటర్ మీద 53 వోల్టుల దగ్గర నిలబడింది.

ఇక్కడితో బిగించేయొచ్చు, చాలామంది అలాగే బిగించేస్తారు. కానీ ఎల్ఈడీ కాలిపోవడానికి అసలు కారణం కరెంటు ఎక్కువ ఇవ్వడం. తక్కువ ఎల్ఈడీలతో ఎక్కువ వెలుతురు రాబట్టాలని ఈ సెట్లలో వాటిని హద్దు దగ్గర నడుపుతారు, పైగా షాపుల్లో మెరవాలని చాలాసార్లు వివిడ్ మోడ్‌లో బ్యాక్‌లైట్ 100 మీద పెట్టి ఇస్తారు. మా డ్రైవర్‌లో కరెంటును కొలిచే సెన్స్ రెసిస్టర్లు మూడు పక్కపక్కన సమాంతరంగా ఉన్నాయి, ఒక్కోటి 2.2 ఓమ్‌లు. ఒకదాన్ని తీసేశాను. ఇప్పుడు స్ట్రిప్‌లకు వెళ్ళే కరెంటు మునుపటిలో మూడింట రెండు వంతులు. వెలుతురు కాస్త తగ్గిన మాట నిజం, పగలు కిటికీ తెరిచి ఉన్నా బొమ్మ హాయిగానే కనిపిస్తోంది. రెసిస్టర్ జోలికి వెళ్ళడం ఇష్టం లేనివాళ్ళు మెనూలో బ్యాక్‌లైట్‌ను 50, 60 మధ్య ఉంచి, వివిడ్ బదులు స్టాండర్డ్ పెట్టుకున్నా ఎల్ఈడీల ఆయుష్షు పెరుగుతుంది.

బోర్డులు చేతిలో ఉన్నప్పుడే ఇంకొకటి చూశాను. స్ట్రిప్ కనెక్టర్ పిన్నుల మీద పల్చగా పచ్చటి చిలుము. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో కలిసి రాగిని తినేస్తుంది. లాసన్స్ బే, ఎంవీపీ, పెదవాల్తేరు, రుషికొండ వైపు బీచ్‌కు దగ్గరగా ఉన్న ఇళ్ళన్నిటికీ ఈ బాధ ఉంది. మెత్తటి బ్రష్‌కు ఆల్కహాల్ అద్ది పిన్నులు, రిబ్బన్ కొసలు తుడిచి పూర్తిగా ఆరనిచ్చాను. గాజు అంచున ఉన్న సీఓఎఫ్ ఫిల్ముల మీద మాత్రం బ్రష్ వేయకూడదు.

గాజు కూర్చోబెట్టాక, స్క్రూలన్నీ బిగించకముందే రిబ్బన్ పెట్టి బొమ్మ చూసుకున్నాను. మూలలో దుమ్ము చుక్క ఒకటి కనిపిస్తే మళ్ళీ లేపి గాలి ఊదే రబ్బరు బుడ్డితో తీశాను. మూత వేశాక నాలుగు గంటలు ఆగకుండా నడిపి, వెనక రేకును చేత్తో తాకి చూశాను, గోరువెచ్చగా ఉంది. టీవీ ఇదివరకు సముద్రం వైపు కిటికీకి ఎదురు గోడ మీద ఉండేది. దాన్ని పక్క గోడకు మార్చి, వెనక నాలుగు అంగుళాల సందు వదిలాను.