ఐపీ పెట్టాక ఏం మిగులుతుంది: నా అనుభవం

ఐపీ, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే దివాలా పిటిషన్, పెడదామనుకున్నప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్, ఏం పట్టుకుపోతారు, ఏం వదిలేస్తారు అని. తెలిసినవాళ్లను అడిగితే ఒకాయన చెంబు కూడా మిగలదన్నాడు. ఇంకొకాయన అప్పులు పోతాయి, ఆస్తి నీకే ఉంటుందన్నాడు. రెండూ తప్పే.

నేను వడ్రంగిని. గుంటూరు జిల్లాలో చిన్న ఫర్నిచర్ షాపు పెట్టి, ప్రామిసరీ నోట్ల మీద తెచ్చిన డబ్బుకు వడ్డీలు కట్టలేక చేతులెత్తేశాను. మామూలు మనుషుల దివాలా ఇక్కడ ఇంకా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తోంది. అందులో అప్పు 500 రూపాయలుంటే చాలు, పిటిషన్ వేసుకోవచ్చు. అంత టెన్షన్‌లోనూ ఆ అంకె వినగానే నాకు నవ్వొచ్చింది.

పిటిషన్‌లో ఎవరికెంత బాకీనో, నా పేరున ఏమేం ఉన్నాయో అన్నీ రాయాలి. మినహాయింపు ఉన్నవి తప్ప మిగతావి కోర్టుకు అప్పగిస్తానని ఒప్పుకోవాలి. ఆ మినహాయింపులు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఉన్నాయి: కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, చేతివృత్తివాళ్ల పనిముట్లు, కూలి డబ్బు, జీవిత బీమా పాలసీ డబ్బు. రైతుకైతే తాను ఉండే ఇల్లు, సేద్యానికి కావలసిన పశువులు, విత్తనాలు వదిలేస్తారు. పొలాన్ని మాత్రం వదలరు. నాలాంటివాడికి సొంతిల్లు ఉన్నా ఆ వెసులుబాటు లేదు. మాది ఎలాగూ అద్దె కొంపే.

మా ఆవిడ మొదట అడిగింది పుస్తెల గురించి. మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీంచి తీయకూడని నగల్ని ముట్టుకోరట. పుట్టింటివాళ్లు పెట్టిన గాజులు ఆమె సొంతం, అవి నా ఆస్తి లెక్కలోకే రావు. అయినా ఎవరైనా అడిగితే చూపించడానికి పాత బిల్లులో, పెళ్లి ఫొటోలో వెతికి పెట్టుకోమన్నారు లాయర్ గారు.

నా పేర రెండు సెంట్ల స్థలం ఉండేది. "బావా, ముందు దాన్ని అక్క పేర రాసెయ్" అన్నాడు మా బావమరిది. లాయర్ గారు ఒప్పుకోలేదు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ఇంట్లోవాళ్లకు ఊరికే రాసిచ్చినవాటిని కోర్టు రద్దు చేయొచ్చు. మోసంతో దాచినట్టు తేలితే ఏడాది దాకా జైలు. స్థలం జాబితాలోకి ఎక్కింది, పోయింది. ఫైనాన్స్‌లో ఉన్న ట్రాలీ ఆటోను వాళ్లే తీసుకెళ్లారు. తాకట్టు ఉన్నదాని మీద అప్పిచ్చినవాడి హక్కు ఐపీతో పోదు.

కోర్టు నన్ను ఇన్సాల్వెంట్‌గా, అంటే దివాలా తీసినవాడిగా ప్రకటించాక, ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారి అఫీషియల్ రిసీవర్ గారు షాపుకొచ్చారు. ఉలులు, బాడిస, చిత్రిక, రంపాలు ఉన్న పెట్టె మూత తీసి చూసి, ఇది నీదగ్గరే ఉంచుకో అన్నారు. పెద్ద కటింగ్ మిషన్ దగ్గర మాత్రం ఆగారు. దీన్ని నడిపేది నువ్వా, పనివాళ్లా అని అడిగారు. ఇద్దరు కుర్రాళ్లు నడిపేవాళ్లని చెప్పాను. రాసుకున్నారు. టేకు చెక్క, అమ్మకానికి సిద్ధంగా ఉన్న మంచాలు, ఖాతా పుస్తకాలు కూడా ఆయనకే అప్పజెప్పాను. అదే టేకుతో నేను చేసుకున్న మా ఇంట్లో మంచం మాత్రం మాకే ఉండిపోయింది.

ఇప్పుడు వేరేవాళ్ల షాపులో కూలికి చేస్తున్నాను. డిశ్చార్జి ఆర్డర్, అంటే పాత అప్పుల నుంచి విడుదల చేసే కోర్టు ఉత్తర్వు, వచ్చేలోపు నాకు వారసత్వంగా ఏదైనా వస్తే అది కూడా రిసీవర్‌కే పోతుంది. అందుకని ఊళ్లో ఉన్న తన స్వార్జితం ఇంటిని నాన్న మా చెల్లి పేర వీలునామా రాశారు. ఇల్లు ఆయనది, ఎవరికిచ్చినా ఆయనిష్టం. డిశ్చార్జికి అర్జీ వేశాం. అప్పులవాళ్లలో ఒకాయన అభ్యంతరం పెట్టడంతో అది వాయిదాల మీద నడుస్తోంది. డిశ్చార్జి వచ్చినా ప్రభుత్వానికి కట్టాల్సిన జీఎస్టీ బాకీ పోదు. దానికి వేరే దారి చూసుకోవాలి.