కాలవ గట్టున ఇరవై నిమిషాలు

కర్ణాటకలోని ఆగుంబె అడవులకు వెళ్ళింది రాచనాగు కోసం. అది కనబడలేదు. నాలుగు రోజులు వానలో నాని, చివరి పొద్దున పొలం పక్క కాలవలో ఒక నీరుకట్టు పామును చూశాను. నా ప్రయాణానికి అది చాలు.

అప్పటికే కప్ప వెనక కాలు దాని నోట్లో ఉంది. కప్ప ఒళ్ళంతా గాలి నింపుకుని బుంగలా ఉబ్బిపోయి, ముందుకాళ్ళతో గడ్డిని పట్టుకుంది. పాముకు తొందరే లేదు. కుడి దవడ కాస్త ముందుకు జరిపి పళ్ళు దించేది, ఆ తర్వాత ఎడమది. చేతులు మార్చి మార్చి చేంతాడు లాగుతామే, అలా. పళ్ళన్నీ గొంతువైపు వంగి ఉంటాయి గనక, కప్ప ఎంత గింజుకున్నా వెనక్కి రాలేదు. పాముకు నమలడం తెలియదు. కింది దవడ రెండు సగాలూ గడ్డం దగ్గర ఎముకగా అతుక్కోవు, సాగే బంధంతో కలిసి ఉంటాయి. తన తలకన్నా లావైన ఆహారం మింగగలిగేది అందుకే. మరి నోటినిండా కప్ప ఉంటే ఊపిరెలా? బైనాక్యులర్లో కనబడింది: నోటి అడుగున శ్వాసనాళం మొన చిన్న గొట్టంలా ముందుకు పొడుచుకొచ్చి ఉంది!

ఎలుకనైతే చాలా పాములు తలవైపు నుంచే మింగుతాయి, కాళ్ళూ వెంట్రుకలూ అడ్డుపడకుండా. కప్పను చాలాసార్లు ఎటు దొరికితే అటే.

పాములన్నీ ఎలుకలే తింటాయనుకుంటాం గానీ, వాటి ఇష్టాలు ఒకటి కావు. రాచనాగుకు పాములే తిండి, జెర్రిపోతులంటే మరీను. దాని శాస్త్రనామం ఓఫియోఫేగస్‌కు అర్థమే పాములను తినేదని. వానపాములా కనబడే గుడ్డిపాము చీమల, చెదల పుట్టల్లో గుడ్లూ పిల్లలూ వెతుక్కుంటుంది. ఆఫ్రికాలో ఒక పాము పక్షి గుడ్లే మింగి, గొంతులోకి పొడుచుకొచ్చిన వెన్నుపూసల మొనలతో పగలగొట్టి, పెంకు కక్కేస్తుంది. మేము చూసిన మలబార్ పిట్ వైపర్ అనే విషప్పామైతే మూడు రోజులు ఒకే కొమ్మమీద ఉంది, కప్పో బల్లో తనదాకా వచ్చేవరకూ.

ఇంతకుముందు ఒక యాత్రలో, మాలో ఒకరు ఫోటో కోసం బాగా దగ్గరికెళితే, జెర్రిపోతు అప్పుడే మింగిన ఎలుకను కక్కేసి పారిపోయింది. ఎన్నాళ్ళకు దొరికిన తిండో! ఆ కోపం నాకింకా పోలేదు. బెదిరితే పాము పొట్ట ఖాళీ చేసుకుని పరుగెత్తుతుంది, బరువుతో కదల్లేదు కదా. అందుకే ఈసారి గట్టు ఇవతలే కూర్చున్నాం, ఎవరం మాట్లాడలేదు.

కప్ప ముందుకాలి వేళ్ళు కూడా లోపలికెళ్ళాక, పాము రెండుసార్లు నోరు బార్లా తెరిచి దవడలు సర్దుకుంది. నాలుక ఒకసారి ఆడించి, బరువుగా నీళ్ళలోకి జారింది.