ఒక్క ఊరు, రెండు సీట్లు

మా అమ్మమ్మ ఇల్లు వరంగల్ కొత్తవాడలో, మేముండేది హన్మకొండ నయీంనగర్ దగ్గర. మధ్యలో ఆటోకు పావుగంట కూడా పట్టదు. కానీ ఎలక్షన్లు వచ్చాయంటే ఈ రెండిళ్లలో మాటలు ఎక్కడా కలవవు, ఎందుకంటే అసెంబ్లీకి వాళ్లు వరంగల్ తూర్పు సీటు, మేము పశ్చిమ.

ఈ తూర్పు, పశ్చిమ పేర్లు 2008 నియోజకవర్గాల పునర్విభజనలో వచ్చినవి, 2009లో మొదటిసారి ఓటేశాం. అంతకుముందు మాది హన్మకొండ సీటు. హన్మకొండ ఓటరు ఏదో ఒక పార్టీకి కట్టుబడ్డాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1994లో తెలుగుదేశం నుంచి దాస్యం ప్రణయ్ భాస్కర్, 1999లో బీజేపీ నుంచి మార్తినేని ధర్మారావు, 2004లో టీఆర్ఎస్ నుంచి మందాడి సత్యనారాయణరెడ్డి, మూడు ఎన్నికలకు మూడు పార్టీలు. అప్పట్లో హన్మకొండ పేరుతో లోక్‌సభ సీటు కూడా ఉండేది. 1977, 1980లో ఇక్కడి నుంచే గెలిచిన పీవీ నరసింహారావును 1984లో చందుపట్ల జంగారెడ్డి ఓడించారు. ఆ ఏడు దేశం మొత్తం మీద బీజేపీకి వచ్చినవి రెండే సీట్లు, అందులో ఒకటి మాది! ఇప్పుడు ఆ సీటే లేదు, వరంగల్ లోక్‌సభ ఎస్సీ రిజర్వుడు అయింది.

2009 తర్వాత మాత్రం కథ తిరగబడింది. పశ్చిమలో ప్రణయ్ తమ్ముడు వినయ్ భాస్కర్, టీఆర్ఎస్ నుంచి, 2009, 2010 ఉప ఎన్నిక, 2014, 2018, వరుసగా నాలుగుసార్లు. తూర్పులో ఒక్కరూ వరుసగా రెండోసారి గెలవలేదు. 2009లో కాంగ్రెస్ బస్వరాజు సారయ్య, 2014లో టీఆర్ఎస్ నుంచి కొండా సురేఖ, 2018లో అంతకుముందు మేయర్‌గా చేసిన నన్నపునేని నరేందర్, 2023లో మళ్లీ సురేఖ, ఈసారి కాంగ్రెస్ నుంచి. అదే ఏడు పశ్చిమ కూడా కాంగ్రెస్ నాయిని రాజేందర్ రెడ్డికి వెళ్లింది.

ఎందుకిట్లా అంటే, నాకు అర్థమైనంతలో, మనుషులే వేరు. ఇటువైపు ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, స్టూడెంట్లు, హాస్టళ్లు, కాజీపేట రైల్వే క్వార్టర్లు. తెలంగాణ ఉద్యమం ఇక్కడి గల్లీగల్లీలో నడిచింది కాబట్టి టీఆర్ఎస్ జెండాకే చాలాకాలం నిలబడ్డారు. అటువైపు కొత్తవాడ పద్మశాలీలు, మండిబజార్ ముస్లింలు, చౌరస్తా వ్యాపారులు, శివనగర్, కరీమాబాద్, రంగశాయిపేటల్లో రోజుకూలీ మీద బతికేవాళ్లు, కోట చుట్టూ ఉన్న పాత కుటుంబాలు. అక్కడ ఏ ఒక్క కులం ఓటుతోనో గెలవడం కుదరదు, ప్రతిసారీ కొత్తగా లెక్క కట్టుకోవాల్సిందే.

ఇక ఆజంజాహీ మిల్లు. నిజాం కాలంలో, 1934లో పెట్టింది. మా తాత అందులోనే పనిచేశాడు, సైరన్ మోగితే ఇంట్లో పొయ్యి వెలిగేదని అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది. అది మూతపడ్డాక చాలా ఇళ్ల నుంచి సూరత్, భీవండి, షోలాపూర్ వెళ్లిపోయారు. వాళ్లను వెనక్కి రప్పిస్తామని చెప్పి 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన చేసిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు కూడా ఊరి బయట గీసుగొండ, సంగెం వైపు వచ్చింది. కాజీపేటదీ అదే బాధ, కోచ్ ఫ్యాక్టరీ కోసం నలభై ఏళ్లు అడిగారు, 2023 జూలైలో వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. ఈ రెండూ మొత్తం ఊరి సమస్యలు కదా, మరి ఊరంతా కలిసి అడిగే గొంతు ఏది? గ్రేటర్ కార్పొరేషన్ ఒకటే, 66 డివిజన్లు, కానీ శివారు డివిజన్లు కొన్ని వర్ధన్నపేటలో, కొన్ని పరకాలలో పడ్డాయి. పైగా 2021 నుంచి మేము హన్మకొండ జిల్లా, అమ్మమ్మ వాళ్లు వరంగల్ జిల్లా. నాలాలు పొంగినప్పుడు మా వీధిలోకి, అటు శివనగర్‌లోకి వచ్చే నీళ్లకు ఈ గీతలు ఏం తెలుసు?

ఈ సీట్ల గీతలు 2001 జనాభా లెక్కల మీద గీసినవి. మళ్లీ గీసే రోజు వచ్చినప్పుడు పార్టీలు ఎట్లాగూ వాళ్ల లెక్కలు వాళ్లు పట్టుకెళతాయి, మనం కూడా మన బస్తీల లెక్క రాసి ఇవ్వాలి. ఎవరు ఏ నాలా పక్కన ఉన్నారు, ఏ డివిజన్ ఏ ఎమ్మెల్యే కింద ఉంది, ఎంతమంది బతుకుతెరువుకు బయట ఉన్నారు అని.

మా మామ పేరు ఆ బయట ఉన్నవాళ్ల లెక్కలో వస్తుంది. సూరత్ మగ్గాల మీద ముప్ఫై ఏళ్లు. 2023 నవంబర్ 30న ఓటేయడానికి నవజీవన్ ఎక్కి వచ్చాడు, కొత్తవాడ స్కూల్లో లైన్‌లో నిలబడి ఓటేశాడు, అమ్మమ్మ దగ్గర ఒక్క పూట అన్నం తిని మళ్లీ రైలెక్కాడు.