రొయ్యల గుంటల పనిలో కాలి వేళ్లకు ఫంగస్: నా అనుభవం

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రొయ్యల గుంటల దగ్గర పని. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే డిసెంబరు దాకా గట్లన్నీ బురదే. రబ్బరు బూట్లు వేసుకున్నా లోపలికి నీళ్లు దిగుతాయి, దానికి చెమట తోడవుతుంది. నిరుడు ఆ వానల్లోనే నా ఎడమ కాలి చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య దురద పుట్టింది. వేళ్లు విడదీసి చూస్తే చర్మం నానిన కాగితంలా తెల్లబడి, గోరు తగిలితే పొరలుగా లేచి వస్తోంది. కింద ఎర్రగా ఉంది, మంట పుడుతోంది.

ఉప్పునీళ్లు పడక ఇలా అయిందని తోటివాళ్లు అన్నారు. నీళ్లు చర్మాన్ని నానబెడతాయి, అంతే. నానిన చోట పెరిగేది ఫంగస్. ఒంటిమీద తామర తెచ్చేదీ ఈ జాతిదే.

మెడికల్ షాపులో దురద అనగానే ఒక ట్యూబు చేతికిచ్చారు. సెల్‌ఫోను వెలుగులో చదివితే, సన్నటి అక్షరాల్లో ఫంగస్ మందు పక్కనే క్లోబెటసాల్ అని ఉంది. అది స్టెరాయిడ్. దురదనూ ఎరుపునూ చప్పున అణుస్తుంది, అడుగున ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. మా ఊళ్లలో ఎన్నాళ్లకూ మానని తామరలకు ఈ కలగలుపు ట్యూబులే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం. దాన్ని వెనక్కిచ్చి, ఫంగస్ మందు క్లోట్రిమజోల్ 1 శాతం ఒక్కటే ఉన్న క్రీము అడిగి తీసుకున్నాను.

వేపాకు, పసుపు నూరి సందుల్లో పెట్టమంది అమ్మ. "తడి ముద్ద పెడితే అక్కడ ఆరేదెప్పుడమ్మా?" అన్నాను. ఆరబెట్టడమే సగం వైద్యం. పొద్దున, రాత్రి సబ్బుతో కాళ్లు కడిగి, పాత నూలు గుడ్డతో ఒక్కో సందూ ఒత్తి తుడిచి, కాసేపు గాలికి ఉంచి, పుండు చుట్టూ బాగున్న చర్మం మీదికి కూడా వచ్చేలా క్రీము పలచగా రాసేవాణ్ణి. ఆ గుడ్డ వేరొకరు ముట్టకుండా విడిగా పెట్టాను. అదే గుడ్డతో గజ్జలు తుడిస్తే ఫంగస్ అక్కడికీ చేరుతుంది. బూట్లు రెండు జతలు పెట్టుకుని, ఒక జత ఎండలో బోర్లించి, రెండోది తొడిగాను. మేజోళ్లు తడిస్తే మధ్యాహ్నమే మార్చాను.

దురద కొద్ది రోజుల్లోనే పోయింది. చాలామంది అక్కడే మందు మానేస్తారు, వారాల్లో అది మళ్లీ మొదలవుతుంది. చర్మం మామూలుగా కనిపించినా, నాలుగు వారాలు నిండేదాకా నేను రాస్తూనే ఉన్నాను.

ఇదంతా తేలికపాటి ఫంగస్‌కే. అమ్మకు షుగర్ ఉంది. ఆమె కాలికి ఇలాంటిదే వస్తే ఇంట్లో క్రీములు రాస్తూ కూర్చోను, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. పాదం వాచినా, చీము పట్టినా, ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా షుగర్ లేనివాళ్లు కూడా అలాగే వెళ్లాలి.