మెట్లన్నీ చారలైపోయిన రోజులు

ఆ పొద్దున్న టీ వడకట్టి గ్లాసులో పోస్తే గట్టు మీద పడింది. మళ్లీ పోశాను. మళ్లీ గట్టు మీదే.

"ఏటే కోడలా, గ్లాసు కనబడట్లేదేటి?" అంది మా అత్త.

కనబడుతోంది. అంచు మీద గీత కూడా కనబడుతోంది. అది నా చేతికి ఎంత దూరంలో ఉందో, అదొక్కటే తెలియడం లేదు.

పర్లాకిమిడి బజారులో కళ్లద్దాల దుకాణానికి వెళ్లాను. అక్షరాల అట్ట చివరి వరస దాకా చదివేశాను. చూపు బాగానే ఉంది, నీరసమై ఉంటుందని పంపేశారు. ఇంటికొచ్చాక డాబా మెట్లు దిగబోయి పడ్డాను. అవి మెట్లలా లేవు. నేల మీద అడ్డంగా గీసిన నలుపు, తెలుపు చారల్లా ఉన్నాయి. ఏ చార మీద కాలు పెట్టాలో తెలియలేదు.

బరంపురం ఆసుపత్రికి చేరేసరికి చీకటి పడింది. మెదడు కుడివైపు, వెనక భాగంలో ఒక రక్తనాళం మూసుకుపోయిందని స్కానింగులో తేలింది. ఇదీ పక్షవాతమేనట. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి 4.5 గంటల్లోపు ఇవ్వాలట. ఆ గంటలు అద్దాల కోసం తిరగడంలో పోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

"కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, మూతి వంకర పోలేదు, పక్షవాతం ఏటి?" అన్నారు చూడటానికొచ్చిన వాళ్లు. నాకూ అదే అనుమానం. అప్పుడు డాక్టరమ్మ నల్ల కళ్లజోడు లాంటిది పెట్టి, ముందు ఒక పెద్ద ఈగ బొమ్మ ఉంచింది. "రెక్కలు పట్టుకో అమ్మా" అంది. నా వేళ్లు కాగితానికి తగిలి ఆగాయి. పక్కనున్న మా ఆయనకి ఆ కళ్లజోడే పెట్టి పట్టుకోమంటే ఆయన వేళ్లు కాగితానికి బెత్తెడు పైన, గాలిలో కలుసుకున్నాయి. ఆయనకి రెక్కలు పైకి లేచి కనబడుతున్నాయి మరి.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మన రెండు కళ్ల మధ్య ఎడం దాదాపు 6 సెంటీమీటర్లు. అందుకని ఒక్కో కన్ను ఒక్కో రకంగా చూస్తుంది. ముక్కు ముందు వేలు పెట్టుకుని ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను మూస్తే వేలు అటూ ఇటూ గెంతినట్టు ఉంటుంది. ఆ రెండు బొమ్మల తేడాని కలిపి లోతు లెక్కగట్టేది కన్ను కాదు, మెదడు. నాకు దెబ్బ తగిలింది అక్కడ. మొదటి ప్రపంచ యుద్ధంలో తలకి తూటాలు తగిలిన సైనికుల్లో, చూపు ఉండీ దూరం అంచనా కట్టలేని వాళ్లని గోర్డన్ హోమ్స్ అనే డాక్టరు పరీక్షించి 1918లోనే రాశాడట. నేను కల్పించి చెప్పడం లేదని తెలిసి ఆ రాత్రి ఏడుపొచ్చింది.

మా ఆయనది కొమ్ము పని, పశువుల కొమ్ముల్ని చెక్కి బొమ్మలు చేస్తారు. ఇంటికొచ్చాక ఒక నల్ల కొంగని తెచ్చి నా ముందు పెట్టారు. కంటికి అది కత్తిరించిన కాగితంలా ఉంది. చేత్తో తడిమితే మెడ గుండ్రంగా, నున్నగా తగిలింది. "బల్బు కింద ఇలా తిప్పి సూడు" అన్నారు. తిప్పుతుంటే మెరుగు పెట్టిన మెడ మీద వెలుగు జారుకుంటూ పోయింది. వెలుగు జారే చోట వంపు ఉంటుందని వేళ్లు చెప్పాయి, కళ్లు విన్నాయి. రోజూ పడుకునే ముందు అదే పని.

ఫిజియోథెరపీ అబ్బాయి ఇంకో ఉపాయం నేర్పాడు. తల కొంచెం అటూ ఇటూ ఊపితే దగ్గరివి ఎక్కువ కదులుతాయి, దూరంవి తక్కువ. నేను కంగారు పడితే "ధీరే ధీరే, మావుసీ" అనేవాడు. వస్తువు మీద నా చేతి నీడ పడి, చెయ్యీ నీడా కలిసిన చోట పట్టుకోవడం నాకు నేనే కనిపెట్టుకున్నాను. టీ పోసేటప్పుడు గిన్నె మూతి గ్లాసు అంచుకి ఆనించి పోస్తాను.

ఏడాది తర్వాత మళ్లీ ఈగ బొమ్మ పెట్టారు. నా వేళ్లు కాగితానికి కాస్త పైనే ఆగాయి. పూర్తిగా కాదు, కాస్త. రోడ్డు మాత్రం ఇప్పటికీ ఒంటరిగా దాటను. వచ్చే లారీ ఎంత దూరంలో ఉందో నమ్మకంగా చెప్పలేను.

మెట్ల అంచులకి మా ఆయన పసుపు టేపు అంటించారు. మొన్న పండక్కి సున్నం వేయడానికొచ్చిన కుర్రాడు దాన్ని పీకేశాడు. మా అత్త వాణ్ణి ఇంటికి పోనివ్వలేదు. కొత్త టేపు తెప్పించి, కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా దగ్గరుండి అంటింపించింది.